అరువు బురఖా

సుల్తాన్‌బీ బురఖా రిసికాత్‌కు పిక్కల దగ్గరే ఆగిపోయింది. పైన ఏడో నెల కడుపు మీద బొత్తాలు ఒకదాని మొహం ఒకటి చూడనంటున్నాయి.

"ఊపిరి బిగబట్టమ్మా," అంది నాగేశ్వరి, పళ్ళ మధ్య సూది పట్టుకుని.

"నేను బిగబడతా అక్కా. లోపల వాడు వినడు," అంది రిసికాత్ తన నలభై రోజుల తెలుగులో.

కువైట్ దజీజ్‌లో ఆ పప్పుల గోడౌను వెనక గది, పొయ్యి మీద మూత పెట్టిన కుండలా ఉంది. కరెంటు వచ్చినప్పుడు వస్తుంది, లేనప్పుడు లేదు. అక్కడ అందరికీ వండిపెట్టే నాగేశ్వరి చెమట తుడుచుకుని మూడు బొత్తాలు ఎలాగో ఒప్పించింది. నాలుగోది పచ్చదారంతో కుట్టి ఉంది. నల్లదారం దొరక్క సుల్తాన్‌బీ తన చేత్తో కుట్టుకున్న బొత్తాం అది. దాన్ని పట్టుకుని నాగేశ్వరి ఒక్క క్షణం ఆగింది.

"విప్పు," అన్నాడు గుమ్మంలోంచి వసియు.

పొద్దుటి నమాజు తర్వాత అతను పలికిన మొదటి మాట అది. షువైఖ్ గ్యారేజీలో అంటుకున్న హిందీ, అరబ్బీ కలగాపులగం అతని భాష. కోపానికి మాత్రం అది చాలినంత ఉంది.

"విప్పమన్నా. నా భార్య జిలానీ భార్యగా బస్సెక్కదు."

కందిపప్పు బస్తాల మీద కూర్చున్న జిలానీ బాషా తల ఎత్తలేదు. ఆ గోడౌనుకు కావలిదారు అతనే. నిన్న సాయంత్రం ఈ ఉపాయం చెప్పిందీ అతనే. రేపు తెల్లవారి ఇండియా వాళ్ళ బస్సు బస్రా మీదుగా అమ్మాన్‌కు బయలుదేరుతోంది. ఆ బస్సు పట్టీలో జిలానీ పేరుంది, అతని పక్కన భార్య సుల్తాన్‌బీ పేరుంది. సుల్తాన్‌బీ లేదు. ఊరి మీద పరాయి సైనికులు దిగిన మర్నాడే ఆమె పనిచేసే ఇంటి మామా, అంటే యజమానురాలు, పిల్లల్నీ ఆమెనీ కార్లో కుక్కుకుని సౌదీ దిక్కుకు పోయింది. దాటారో, ఇసుకలో ఆగిపోయారో చెప్పిన పురుగు లేదు. సెలవు శుక్రవారం వచ్చినప్పుడు ఉతికి ఆరేసి మరిచిపోయిన బురఖా మాత్రం మేకుకు మిగిలింది.

నైజీరియా వాళ్ళకు బస్సు లేదు. వసియు, రిసికాత్‌ల పాస్‌పోర్టులు వాళ్ళను పనికి రప్పించిన కఫీల్ బీరువాలో ఉన్నాయి. కఫీల్ ఎక్కడున్నాడో బీరువాకే తెలియాలి.

"ఎక్కకపోతే ఏం చేస్తాదబ్బా?" నాగేశ్వరి సూది తీసి చేతిలో పట్టుకుంది. "ఈడ కంటాదా? ఈ బస్తాల మధ్యనా? మొన్న ఆస్పత్రి దాకా నడిచిపోతే ఒక్క నర్సమ్మ ల్యా. కత్తిపీట కడిగి పెట్టుకోనా నేను?"

"నేనున్నాను."

"నువ్వు క్రేన్లు బాగుచేసేటోడివి నాయనా. ఇది క్రేను కాదు."

 నాగేశ్వరి అంతటితో ఆగలేదు. ఆమె కోపం గుమ్మం నుంచి బస్తాల మీదికి తిరిగింది.

"నువ్వేంది జిలానీ, చెవుల్లో పత్తి పెట్టుకున్నట్ల కూచున్యావు? ఇచ్చేది నీ పెండ్లాం పేరు. నోరు తెరిచి చెప్పు."

"ఏం చెప్పేదక్కా. నలభై దినాలాయ."

"పోయినోళ్ళకు నలభై దినాలకు మీరు ఫాతిహా చదివిస్తారు. మనసులోనే చదివించేసినావా?"

 జిలానీ లేచాడు. మేకు వైపు చూశాడు, అక్కడ బురఖా లేదు. మళ్ళీ కూర్చున్నాడు.

"నా నోటితో ఆ మాట అనిపించాకు అక్కా," అన్నాడు మెల్లగా. "ఆమె యాడన్నా బతికుంటే, నా పేరు ఇంకో ఆడదానికి అక్కరకొచ్చిందిలే అనుకుంటాది. బతికి ల్యాకుంటే..." వాక్యం అక్కడే వదిలేసి బస్తా కుట్టు గోటితో గీకసాగాడు.

రిసికాత్‌కు అందరి మాటలూ అర్థం కాలేదు. నలభై అన్న అంకె, ఫాతిహా అన్న మాట అర్థమయ్యాయి. ఒంటి మీది గుడ్డ ఒక్కసారిగా బరువెక్కింది.

మే నెలలో దిగినప్పుడు, కుళాయి తిప్పితే మరిగిన నీళ్ళు రావడం చూసి, ఈ దేశంలో పొయ్యితో పనిలేదనుకుంది ఆమె. సొంతూరు అబెయొకుటలో ఆమె తల్లి గుడ్డలకు నీలిరంగు అద్దేది. మోచేతుల దాకా నీలమే. రిసికాత్ పెళ్ళిలో కూడా ఆ రంగు వదల్లేదు. ఆ నీలిచేతుల తల్లి చెప్పి పంపిన మాట ఒకటే: ఏ ఊళ్ళో ఉన్నా పెద్దవాళ్ళ ముందు మోకాళ్ళు వంచడం మరవకు. కువైట్‌లో ఆమె మోకాళ్ళు వంచితే బజారు బజారంతా నవ్వేది. రొట్టెల క్యూలో ఒక ముసలాయన పాపం, ఆమె పడిపోయిందనుకుని నీళ్ళు చల్లాడు.

గోడౌనుకు వచ్చిన మొదటి ఉదయం నాగేశ్వరి ముందు మోకరిల్లితే, ఆవిడ చేతిలో తెడ్డు కిందపడేసి, "అయ్యో, నేనేమన్నా మామానా, లేయమ్మా," అని వణికిపోయింది. కానీ ఆ తెడ్డు అప్పటిదాకా తిరిగిన కుండలో ఉన్నది చూసి రిసికాత్ ఏడ్చేసింది. నల్లగా, మెత్తగా, ఆవిరి కక్కుతూ రాగిసంగటి. ఆమె ఇంట్లో ఎండు కందగడ్డల పిండితో తల్లి కెలికే ముద్ద అచ్చం అదే. వేల మైళ్ళు విమానంలో వచ్చి, యుద్ధంలో ఇరుక్కుని, పప్పుల గోడౌనులో అమ్మ చేతి ముద్ద చూసింది. ఆ రోజు ఆమె తిన్న ముద్దల సంఖ్య గురించి అన్వర్ బాషా చెప్పేది నమ్మకూడదు. ఏనుగులు సిగ్గుపడ్డాయంటాడు.

అన్వర్ బాషా రాయచోటి డ్రైవరు, వసియుకు గ్యారేజీ స్నేహితుడు. వాళ్ళ బిల్డింగులో సైనికులు మకాం పెడితే, ఇద్దర్నీ వ్యాను వెనక ఉల్లిగడ్డల కింద దాచి ఇక్కడికి తెచ్చింది అతనే. ఇప్పుడు గొంతు సవరించుకుని మాటల్లోకి దిగాడు.

"రంగు గురించి మీరు దిగులు పడొద్దండి. హైదరాబాదులో ఈమె రంగు సిద్దీలు లేరా? నిజాం గారి గుర్రాల దళంలో వాండ్లే. మా అమ్మమ్మ చెప్పేది, ఒక సిద్దీ జవాను గుర్రాన్ని భుజానేసుకోని మూసీ దాటినాడంట."

"గుర్రం ఎందుకు నడవలేదో?" అంది నాగేశ్వరి, వద్దనుకుంటూనే.

"దానికి జలుబు. తడిస్తే తుమ్ములొస్తాయని."

ఎవరూ నవ్వలేదు. అయినా గదిలో కొంచెం గాలి ఆడింది.

"సుల్తాన్‌బీ తల్లి హైదరాబాదు సిద్దీ, తండ్రి మాబు సాబు, మొగుడు రాయచోటి జిలానీ. అంతే కథ." అన్వర్ బాషా రిసికాత్ వైపు తిరిగి వేలెత్తాడు. "చూడు బేటీ. ఇంకొంచెం సేపట్లో పట్టీ రాసే రామాంజనేయులు సారు వస్తాడు. నువ్వెవరు అంటాడు. ఏమంటావు?"

"నేను సుల్తాన్‌బీ."

"మళ్ళా."

"నేను సుల్తాన్‌బీ. మా నాయన మాబు సాబు."

"శభాష్. ఇంకొకటి. ఆయన అరవై దాటినాయన, తెల్లజుట్టు. చూస్తూనే నీ మోకాళ్ళు దురద పెడతాయి. వంచావా, కథ ఖలాస్. హైదరాబాదు ఆడది సలాం చేస్తాది గానీ కూలబడదు. ఒక దొంగ పేరు దొరికిందంటే బస్సు బస్సంతా బస్రా కాడనుంచి వెనక్కి."

రిసికాత్ తల ఊపింది. మోకాళ్ళు ఊపలేదు.

వసియు బస్తాల వెనక్కి పోయాడు. ఆమె వెంట పోయింది. అక్కడ వాళ్ళ మంచం, మంచం అంటే నాలుగు బియ్యం బస్తాలు. ఇద్దరూ తమ భాషలో, గొంతు దించి మాట్లాడుకున్నారు.

"నా బిడ్డ ఇంకొకడి పేరు మీద సరిహద్దు దాటాలా?"

"బిడ్డకు పేరు ఇంకా ఎక్కడుంది?"

"మాట తిప్పకు."

"తిప్పడం లేదు. మన బిడ్డకు పేరు పెట్టేది ఎనిమిదో రోజున. పెట్టేది నువ్వే. ఆ ఎనిమిదో రోజు దాకా వాణ్ణి బతకనీ. ఈలోగా వాడు ఎవరి పేరు మీద దాటితే ఏం?"

"నువ్వో? నీకు పేరుంది కదా. మీ నాన్న పెట్టింది."

 పొద్దున్నుంచి రిసికాత్‌ను కుడుతున్నది అదే మరి.

"ఆ మనిషి బతికుంటే?" అన్నాడు వసియు. "ఎక్కడో దారిలో ఉంటే? ఆమె సీట్లో కూర్చుని నీకు నిద్ర పడుతుందా?"

"పట్టదు. నిద్రపోకుండానే అమ్మాన్ చేరతాను. అక్కడ టెలిఫోన్లు ఉన్నాయి, విమానాలు ఉన్నాయి. లేగోసులో మా అన్న ఉన్నాడు. ఇక్కడ ఏముంది? నువ్వున్నావు. నువ్వు నాకు పురుడు పొయ్యలేవు."

చాలాసేపు గ్యారేజీ మనిషి చేతులు ఒకదాన్నొకటి రుద్దుకున్నాయి. ఎప్పటిదో గ్రీజు ఇంకా గోళ్ళలో ఉంది. చివరికి సంచిలో చెయ్యి పెట్టి నల్ల ప్యాంటు తీశాడు. పెళ్ళికి కుట్టించుకున్నది. పండక్కి తప్ప తొడగనిది. దాన్ని తీసుకెళ్ళి నాగేశ్వరి ఒళ్ళో పడేశాడు.

"కింద పొట్టిగా ఉంది. అతుకు వెయ్యి," అన్నాడు. ఆ మాటతో గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

నాగేశ్వరి ప్యాంటు కాళ్ళు కోసి, అంచుకు కుట్టింది. సగం సుల్తాన్‌బీ, సగం వసియు. రిసికాత్ పాదాలు ఇప్పుడు కనపడటం లేదు.

*

సాయంత్రం అసర్ నమాజు బాంగు దాటిన కాసేపటికి రామాంజనేయులు వచ్చాడు. లక్కిరెడ్డిపల్లె మనిషి, అహ్మది ఆయిల్ కంపెనీ ఆఫీసులో పద్దెనిమిదేళ్ళు కాగితాలు మోసి మోసి, మనిషే కాగితంలా పల్చబడ్డాడు. చంకలో పట్టీ. నాగేశ్వరి ఇచ్చిన నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, మొదట జిలానీని చూశాడు, తర్వాత రిసికాత్‌ను.

"ఈ యమ్మేనా?"

"అవును సార్," అన్నాడు జిలానీ. 

"పేరేందమ్మా?"

"నేను సుల్తాన్‌బీ." మోకాళ్ళు ముందుకు దూకబోయాయి. కాలివేళ్ళు నేలలో గుచ్చి ఆపుకుంది. "మా నాయన మాబు సాబు."

"వాళ్ళమ్మ సిద్దీ సార్, హైదరాబాదు," అన్వర్ బాషా అందుకున్నాడు. "నిజాం గారి గుర్రాల..."

"గుర్రాన్ని అడగలేదు నేను, అన్వరూ. ఆ యమ్మను చెప్పనీ." ముసలాయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "రాయచోటి కోడలివి గదా. సంగటి ఎట్ల చేస్తావు?"

నాగేశ్వరి పైట కొంగు నోట్లో కుక్కుకుంది. బస్తాల వెనక గోడకానుకున్న వసియు కళ్ళు మూసుకున్నాడు. ఈ ప్రశ్నకు జవాబు ఎవరూ నేర్పలేదు.

రిసికాత్ మాత్రం, పొద్దున్నుంచి మొదటిసారి, ఊపిరి వదిలింది.

"నీళ్ళు మరగాల. నూకలు ఉడకాల. పిండి పోసి ముట్టుకోకూడదు. మధ్యలో గుంట చేసి మూత. తర్వాత..." మాటలు అయిపోయాయి. చేతులు అందుకున్నాయి. లేని కుండను రెండు పాదాల మధ్య ఇరికించి, లేని తెడ్డును రెండు చేతులా పట్టి, నడుము నుంచి బలం తెచ్చి కెలికింది. గట్టిపడే ముద్దకు చెయ్యి ఎక్కడ బరువెక్కుతుందో, ఎక్కడ ఒడుపుగా తిప్పి కింది నుంచి లేపాలో, అన్నీ ఆ గాలిలోనే చేసింది. తడిచేత్తో ముద్ద చేసి, లేని కంచంలో పెట్టింది.

రామాంజనేయులు ఆ ముద్దను చూస్తూ ఉండిపోయాడు. అరవై దాటిన మనిషి, నలభై రోజులుగా ఎండు రొట్టె నములుతున్నవాడు.

"చెయ్యి తిరిగిన మనిషే," అన్నాడు. కలం తీసి పేరు పక్కన గీత గీశాడు. "రేపు తెల్లారి అయిదుకు ఫర్వానియా రౌండు సర్కిలు కాడ. యల్లా, నేనింకా నాలుగిండ్లు తిరగాల."

లేచాడు. గుమ్మం దాకా పోయి, ఏమనుకున్నాడో వెనక్కి వచ్చి, రిసికాత్ తల మీద చెయ్యి పెట్టాడు.

"నిమ్మళంగా కనాల తల్లీ. బిడ్డ సల్లగుండాల."

అదే కొంప ముంచింది. బెదిరించి ఉంటే నిలబడేది. తిట్టి ఉంటే నిలబడేది. పెద్దాయన దీవెనను నిలువుకాళ్ళ మీద అందుకోవడం మాత్రం ఆమెకు తల్లి నేర్పలేదు. రెండు మోకాళ్ళూ ఒకేసారి నేలకు తగిలాయి. వసియు పెళ్ళి ప్యాంటు అంచు చుట్టూ పరుచుకుంది.



"అంటే సార్, మావాళ్ళ ఆడోళ్ళు..." అన్వర్ బాషా మొదలుపెట్టాడు. జీవితంలో మొదటిసారి అతనికి అబద్ధం అందలేదు.

రామాంజనేయులు ఆమె నడినెత్తిని చూస్తూ నిలబడ్డాడు. చివరికి చాలా మెల్లగా అన్నాడు:

"అహ్మదిలో మా ఇంజనీరు ఒకాయన ఉండె. పండగనాడు ఆయన పెండ్లాం నా ముందర ఇట్లనే మోకాళ్ళేసింది. నేను బెదిరి బల్లెక్కినంత పని చేసినా. ఆయన నవ్వి, మా దేశంలో ఇది దండం సార్ అన్నాడు."

నాగేశ్వరి కళ్ళు పట్టీ మీదికి పోయాయి. కలం ఇంకా ఆయన వేళ్ళ మధ్యే ఉంది.

"ఏ దేశమని నేను అడగలేదు. మీరు చెప్పొద్దండి," అన్నాడు ఆయన. "బస్సులో నలభై ఎనిమిది మంది. బస్రా కాడ సిపాయి నా మొహం చూసి తలకాయలు లెక్కబెడతాడు. నా మొహానికి అబద్ధం చాతకాదు. అందుకే దానికి ఏమీ తెలీకూడదు."

"సార్," అన్నాడు జిలానీ.

"నువ్వు ఒక్కటి చెప్పు జిలానీ. సుల్తాన్‌బీ ఒక్కతేనా? ఒక పేరుకు ఇద్దరు మనుషులు తేలినారంటే, మిగతా నలభై ఏడుమందీ నన్ను శపిస్తారు. ఒక్కతేనా?"

జిలానీ పెదవులు రెండుసార్లు కదిలాయి. "ఒక్కతే సార్."

నాగేశ్వరి మొహం తిప్పుకుంది. ఆ ఒక్క మాటతో జిలానీ పదేళ్ళు ముసలివాడయ్యాడు.

రామాంజనేయులు కలం జేబులో పెట్టుకున్నాడు. పట్టీ మీద గీత గీతలాగే ఉంది. గుమ్మం దాటుతూ వెనక్కి చూడకుండానే అన్నాడు: "రేపు మోకాళ్ళు కట్టేసుకోని రా తల్లీ."

*

ఆయన్ను రోడ్డు దాకా దిగబెట్టడానికి వసియు, అన్వర్ బాషా పోయారు. నాగేశ్వరి దారికి మూట కట్టాలని పెరటి పొయ్యి దగ్గర కూర్చుంది. జిలానీ లోపల నమాజుకు వజూ చేసుకుంటున్నాడు. ఎప్పుడూ చెంబెడు నీళ్ళతో ముగించేవాడు, ఇవాళ మొహం కడుగుతూనే ఉన్నాడు.

రిసికాత్ ఇనుప షట్టరులోని చిన్న తలుపు గడియ వెయ్యడానికి వచ్చింది. పొద్దు వాలుతోంది. వీధి ఖాళీ. గడియ మీద చెయ్యి వేసిందో లేదో, బయట ఎవరో గోటితో గీరినట్టు చప్పుడైంది.

వసియు వెనక్కి వచ్చాడేమో అనుకుని జానెడు తెరిచింది.

పొట్టి మనిషి. ఆడది. తలకు చుట్టుకున్న గుడ్డ ఏ రంగుదో దుమ్ముకే తెలియాలి. పాదాలకు చినిగిన గళ్ళ తుండుగుడ్డ పేలికలు. చేతిలో ఖాళీ నీళ్ళ సీసా, దాన్ని పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుంది. పెదాలు పగిలి ఉన్నాయి.

"జిలానీ ఈడనే ఉండాడా అక్కా?" అంది. రాయచోటి మాట. నలభై రోజులుగా వింటున్న మాట.



ఆ మనిషి కళ్ళు రిసికాత్ మొహం మీదినుంచి కిందికి దిగాయి. ఒకటి, రెండు, మూడు. నాలుగో బొత్తాం దగ్గర ఆగాయి. వేలు లేచి పచ్చదారాన్ని ముట్టుకుంది. తర్వాత కింది అంచుకు పోయాయి కళ్ళు, తనకు తెలియని ఆ అతుకు దాకా. మళ్ళీ పైకి, ఉబ్బిన కడుపు మీదికి.

"నువ్వెవరు?" అంది.

ఆ ప్రశ్నకు జవాబు పొద్దున్నుంచి రిసికాత్ చేత వందసార్లు చెప్పించారు. అది నాలుక కొసనే కూర్చుని ఉంది. ఇంకో జవాబు ఆమెకు తెలుగులో రాదు.

"ఎవరమ్మా వచ్చింది?" లోపల్నుంచి జిలానీ గొంతు.

దినమంతా మాట వినని మోకాళ్ళు ఇప్పుడు విన్నాయి. కొయ్యల్లా నిటారుగా నిలబడ్డాయి. చెయ్యి మాత్రం, తెరవాలో వెయ్యాలో తేలక, గడియ మీదే ఉంది.